ప్లీడరు మీద ఫిర్యాదా, కొత్త వకాల్తానా: ముందు ఏది?

"మా ప్లీడరు గారు వాయిదాకి వెళ్లలేదండీ, కేసు కొట్టేశారు. బార్ కౌన్సిల్‌లో కంప్లైంట్ పెట్టేయమంటారా?" గాజువాక నుంచైనా మధురవాడ నుంచైనా ఫోన్ చేసిన వాళ్లు ముందు అడిగేది ఇదే. పెట్టండి, కాదనను. కానీ మొదటి పని అది కాదు, కొత్త లాయరుకి వకాల్తా ఇచ్చి కేసు మళ్లీ తెరిపించుకోవడం.

అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద ఫిర్యాదు అమరావతిలోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి వెళ్తుంది. అందులో పస ఉందనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. మందలించొచ్చు, సస్పెండ్ చేయొచ్చు, లాయర్ల జాబితా (రోలు) నుంచి పేరే కొట్టేయొచ్చు. పోయిన దావాని తిరిగి తెరిచే అధికారం మాత్రం దానికి లేదు. ఏడాదిలో తేలకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పోతుంది.

నా లెక్కలో అసలు తేడా ఇక్కడే ఉంది. డిఫాల్టులో, అంటే హాజరు కాలేదని, కొట్టేసిన దావాని మళ్లీ తెరిపించుకోడానికి గడువు 30 రోజులు, అదీ కొట్టేసిన రోజు నుంచి. మీరు లేకుండానే మీ మీద ఇచ్చిన తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) రద్దుకీ అంతే, డిక్రీ రోజు నుంచి. సమన్లు సరిగ్గా అందకపోతేనే తెలిసిన రోజు నుంచి లెక్క. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి. లాయరు తప్పుకి కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా "ఇన్నాళ్లూ మీరేం చేస్తున్నారు?" అని జడ్జి గారు అడిగితే, బార్ కౌన్సిల్‌కి అర్జీ రాస్తున్నామంటే కుదరదు.

అందుకే ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు స్టేటస్ చూడండి. జిల్లా కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి కొట్టేసిన రోజు ఫైల్లో జడ్జి గారు రాసిన ఆర్డరు (డాకెట్ ఆర్డరు) నకలు తీసుకోండి. "పిలిచినా ఎవరూ హాజరు కాలేదు" అన్న ఆ ఒక్క ముక్కే రేపు రెండు చోట్లా మీ సాక్ష్యం. కొత్త వకాల్తాకి పాత లాయరు అభ్యంతరం లేదని (నో అబ్జెక్షన్) రాసివ్వనంటే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. ఫీజు బాకీ అని కేసు కాగితాల కట్ట పట్టుకు కూర్చునే హక్కు లాయరుకి లేదు. ఆర్.డి. సక్సేనా కేసులో, 2000లో, సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక ఏ ఫిర్యాదు నిలుస్తుందంటే, కట్ట ఇవ్వకపోవడం, మీ తరఫున వసూలైన డబ్బు వాడేసుకోవడం, అవతలి పార్టీతో కుమ్మక్కవడం లాంటివి. ఉత్త నిర్లక్ష్యం, అంచనా తప్పడం వృత్తి దుష్ప్రవర్తన కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో 1963లోనే చెప్పింది. ఒక్క వాయిదా తప్పాడని రాస్తే అది సాధారణంగా కమిటీ దాకా పోదు.

మిగతా దారులకి రెండు ముక్కలు చాలు. కన్స్యూమర్ కమిషన్ తలుపు 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుంది. నష్టపరిహారానికి సివిల్ దావా వేయొచ్చు, ఓపికుంటే. డబ్బు మింగినట్టు రసీదులు, బ్యాంకు కాగితాలు చేతిలో ఉంటేనే పోలీస్ స్టేషన్. లేకపోతే సివిల్ వ్యవహారమని తిప్పి పంపేస్తారు.

ఇంకొకటి. ఫీజు వెనక్కి రాబట్టుకోడానికి ఫిర్యాదు పడేసి, డబ్బు చేతికందాక వెనక్కి తీసుకుందామని కొందరి లెక్క. మీరు రాజీపడ్డారన్న కారణంతోనే ఆ విచారణ ఆగదని రూల్స్‌లోనే ఉంది. సంతకం పెట్టే ముందు అది చూసుకోండి.