సియెర్ నుంచి జినాల్ దాకా: 31 కిలోమీటర్ల కొండదారి, 80 ఫ్రాంకుల చారు

స్విట్జర్లాండ్ కొండల్లో జినాల్ అనే ఊళ్లో మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఆయన డిపాజిట్‌లో 80 ఫ్రాంకులు కోసుకుని మిగతాది మొన్న వెనక్కి పంపించాడు. కారణం "వంట వాసన" అట. ఒక్క పూట చారు పెట్టుకున్నందుకు! ఫ్రాంకంటే వంద రూపాయల పైమాటే, లెక్క మీరే వేసుకోండి. ఈ దేశంలో నేను పరిగెత్తిన కొండదారుల్లో సియెర్ నుంచి జినాల్‌కి వెళ్లే దారంత గొప్పది ఇంకోటి లేదు. ముందు దాని గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ కడుపులో మంట చల్లారలేదు, అందుకే ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాను.

మేము వింటర్‌థూర్‌లో ఉంటాం. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చాడు. మూడు రాత్రులకి 510 ఫ్రాంకులని సైట్‌లో చూసి ఇల్లు బుక్ చేశాం. తాళాలు చేతికిచ్చేటప్పుడు క్లీనింగ్‌కి 110, దుప్పట్లు తువాళ్లకి తలకి 25, డిపాజిట్ 300 అన్నాడు. ఈ దేశంలో క్లీనింగ్ డబ్బులు తీసుకోవడం మామూలే, కాదనను. కానీ ముందే రాయాలి కదా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. జినాల్ ఉన్న ఆనివియే లోయలో రాత్రి బస చేసేవాళ్లకి వేసవిలో ఒక పాస్ ఇస్తారు. అది ఉంటే లోయలో తిరిగే బస్సులకీ, కేబుల్ కార్లకీ టికెట్ అక్కర్లేదు. మా దగ్గర టూరిస్టు పన్ను పైసలతో సహా కట్టించుకుని, పాస్ ఏదండీ అంటే "అది హోటళ్లకే" అన్నాడు. నమ్మాం. మొదటి రోజు సోర్‌బోయా కేబుల్ కారుకీ, రెండో రోజు సాన్-లూక్ ఫ్యూనిక్యులర్‌కీ (తాడుతో కొండ మీదికి లాగే రైలు) కలిపి 74 ఫ్రాంకులు పోశాం. మూడో రోజు జినాల్ టూరిస్టు ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి మా బుకింగ్ చూసి, ఇది ఇంటాయనే ఇవ్వాలండీ అని, అప్పటికప్పుడు మూడు పాస్‌లు ప్రింట్ తీసి ఇచ్చింది. ఆ రోజంతా వాటి మీదే గ్రిమెంజ్, మొయిరీ డ్యామ్ చూసొచ్చాం, హాయిగా గడిచింది. కాబట్టి బుక్ చేసేముందే పాస్ ఇస్తారా, క్లీనింగ్ ఎంత, దుప్పట్లకి ఎంత అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ఇక దారి. సియెర్-జినాల్ అంటే కొండ పరుగుల వాళ్లకి తెలియనిది కాదు. 1974లో జ్యాన్-క్లోద్ పోం అనే ఆయన మొదలుపెట్టిన రేసు, ప్రతి ఆగస్టులో జరుగుతుంది. 31 కిలోమీటర్లు, 2200 మీటర్ల ఎక్కుడు, 1100 మీటర్ల దిగుడు. దారిలో నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు ఐదు కనిపిస్తాయి: వైస్‌హార్న్, జినాల్‌రోట్‌హార్న్, ఓబర్‌గాబెల్‌హార్న్, మాటర్‌హార్న్, దాన్ బ్లాంష్. 2024లో పేరుమోసిన కొండ పరుగుల వీరుడు కీలియన్ జోర్నె దీన్ని 2 గంటల 25 నిమిషాల 34 సెకన్లలో పూర్తిచేశాడు. 2019లో తను పెట్టిన రికార్డు కంటే ఒక్క సెకను తక్కువ. మాకు ఎనిమిదిన్నర గంటలు పట్టింది. మేము రేసులో కాదు, జులై చివర్లో సొంతంగా పరిగెత్తాం. రేసులో అయినా నిదానంగా వెళ్లేవాళ్లని తెల్లవారకముందే వేరే గుంపుగా వదులుతారు, కాబట్టి భయపడాల్సిన పనిలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఆయన మమ్మల్ని కారులో సియెర్‌కి దింపి, తను సాన్-లూక్ వైపు వెళ్లిపోయారు. నుదుటి లైట్లు పెట్టుకుని ఐదుంబావుకి మొదలుపెట్టాం. ఊరు దాటి అడవిలోకి వెళ్లామో లేదో, దారి నిలువునా లేచింది. సియెర్ దాదాపు 570 మీటర్ల ఎత్తు, ఆ నిలువు ఎక్కుడు ముగిసే పోంషెట్ 1870. ఆ 1300 మీటర్లూ ఏడెనిమిది కిలోమీటర్లలోనే ఎక్కాలి. ఇక్కడ పరుగు లేదు, రెండు చేతులూ తొడల మీద ఆనించి నడవడమే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తే మా తమ్ముడు మొదటి అరగంట నన్ను దాటేసి వెళ్లాడు. ఊతకర్రలు ముసలివాళ్లకి అని ముందురోజు రాత్రే తేల్చేశాడు. గంటన్నర తర్వాత ఒక మలుపులో మొద్దు మీద కూర్చుని కనిపించాడు. "అక్కా, అలిపిరి మెట్లు ఎక్కి దిగకుండా మళ్లీ ఎక్కుతున్నట్టుంది," అన్నాడు. లెక్క చూస్తే దాదాపు అంతే. నా కర్రల్లో ఒకటి ఇచ్చాను. పోంషెట్ దాకా మాట్లాడలేదు, అలక కాదు, ఊపిరి లేక.

షాండొలాన్ చేరేదాకా మాకు నీళ్లు దొరకలేదు. చెరో లీటరున్నర మోసుకెళ్లాం కాబట్టి సరిపోయింది, అంతకంటే తగ్గించకండి. షాండొలాన్‌లో చెక్క తొట్టిలోకి పడే ధార కింద సీసాలు పట్టుకున్నాం. "నాన్ పోటాబ్ల్" అని బోర్డు లేకపోతే తాగొచ్చు. ఎల్లా మైయార్ అనే యాత్రికురాలు చివరి రోజులు గడిపిన ఊరిది. రెండో ప్రపంచ యుద్ధం నాడు ఆవిడ తిరువణ్ణామలైలో ఉండి రమణ మహర్షిని దర్శించుకున్నారు. ఆవిడ పేర మ్యూజియం కూడా ఉంది. ఆ పొద్దున్నే తెరవరు, అది చూడకుండా వచ్చేయడం ఇప్పటికీ వెలితిగానే ఉంది.

షాండొలాన్ నుంచి దారి మెత్తబడుతుంది, కాళ్లు మళ్లీ పరుగు అందుకుంటాయి. సాన్-లూక్ పైన ఉన్న టిన్యూజా దగ్గర మా ఆయన పులిహోర డబ్బాతో నిలబడి ఉన్నారు. ముందురోజు వింటర్‌థూర్‌లో కలిపి తెచ్చింది, చల్లారి ముద్దయింది. నాకు మాత్రం ఆ పులుపు తగలగానే ప్రాణం లేచొచ్చింది. పరుగులో తినమని అమ్మే జెల్ ప్యాకెట్లు రెండు కొన్నాను, ఒకటి కూడా విప్పలేదు. వేరుశనగ చిక్కీ చాలు.

అక్కడి నుంచి గ్రహాల పేర్లతో బొమ్మలు పెట్టిన దారిలో ముగ్గురం కలిసి వైస్‌హార్న్ హోటల్‌కి వెళ్లాం. 2337 మీటర్ల ఎత్తున, కొండ అంచున ఒంటరిగా నిలబడ్డ పాత భవనం. అతిథుల కార్లు రావు, కాలినడకనే చేరాలి. బ్లూబెర్రీ టార్ట్‌కి ఆ హోటల్ పెట్టింది పేరు. ముక్క 9 ఫ్రాంకులు. మూడు చెప్పి, ఆగలేక ఇంకో రెండు చెప్పాం. కింద పలచని పొర కరకరలాడుతుంది, పైన పళ్లు ఇంకా పులుపు చావకుండా, చెంచా పెడితే రసం పళ్లెమంతా పారుతుంది. తినేసి ఒకరి నాలుకలు ఒకరం చూసుకుంటే చిన్నప్పుడు నేరేడుపళ్లు తిన్నట్టు ఊదారంగు. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న తమ్ముడు అక్కడే మొదటిసారి నవ్వాడు. వడ్డించినావిడ మా బూట్ల మీద మట్టి చూసి, అడక్కుండానే సీసాలు నింపి ఇచ్చింది. ఈ 45 ఫ్రాంకుల మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు.

మా ఆయన వెనక్కి కారు దగ్గరికి వెళ్లారు, మేము నావా వైపు సాగాం. 2425 మీటర్లు, దారి మొత్తంలో ఎత్తైన చోటు. కుడిచేతి పక్కన లోయ, ఎదురుగా మంచు గోడలు. ఎరెన్స్ జాతి నల్ల ఆవులు దారికి అడ్డంగా పడుకుని ఉన్నాయి. పోట్లాటకి పేరున్న జాతి. అవి లేచి తప్పుకునేదాకా పది నిమిషాలు నిలబడ్డాం. మీరూ తొందరపడకండి, గదమాయించకండి.

దిగుడు తేలికనుకుంటే పొరపాటు. బార్నూజా దాటాక వేర్లు, రాళ్లు, కాలు పెట్టేంత వెడల్పు దారి. చివర్లో జినాల్ కప్పులు కాళ్ల కిందే కనిపిస్తాయి, ఎంత దిగినా దగ్గరికి రావు. ఒక వేరు తగిలి తమ్ముడు బోర్లా పడ్డాడు, అరచేతుల చర్మం లేచిపోయింది. కడిగి కట్టు కట్టాను. ఈ లోయ ఉన్న వలే ప్రాంతంలో ఆపదొస్తే 144కి ఫోన్ చేయాలి, ఆ నంబరు ఫోన్లో పెట్టుకుని బయల్దేరండి. అరిగిన బూట్లతో మాత్రం ఈ దిగుడుకి రావద్దు. పసుపు బోర్డుల మీద కిలోమీటర్లు ఉండవు, గంటలే ఉంటాయి, అవీ నడిచేవాళ్ల లెక్క. ఒంటిగంట ముప్పావుకి జినాల్‌లో నీళ్లతొట్టి పక్కన కూలబడి, బూట్లు విప్పాం.

ఆ సాయంత్రం ఇద్దరికీ మెట్లు దిగడం చేతకాలేదు. మా ఆయనే వంటింట్లోకి వెళ్లారు. టమాటాలు పిసికి, చింతపండు వేసి చారు పెట్టారు. చివర ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేసి తాలింపు పెడితే ఇల్లంతా ఘుమఘుమలాడింది. కిటికీలు తెరిచే ఉంచాం, పొయ్యి తుడిచాం. ఖాళీ చేసే రోజు ఇంటాయన వచ్చి, మా తమ్ముడి ఎదురుగానే వంటింటి కర్టెన్ అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వాడి మొహం ఎర్రబడింది. ఏదో అనబోతే మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు. "పోనీలేరా," అన్నారు.

ఆ రాత్రి మాత్రం ముగ్గురం నేల మీదే కూర్చుని, వేడన్నంలో చారు పోసుకుని తిన్నాం. కట్టు కట్టిన చేత్తో కలుపుకోలేక తమ్ముడు చెంచాతో తిన్నాడు, మూడుసార్లు వేయించుకున్నాడు.