పాస్ ఉంటే చాలన్నాడు, పారిస్‌లోనే ఆగిపోయాం

యూరప్ వెళ్లబోతూ రైలు పాస్ కొనాలనుకునేవాళ్లు మాకు జరిగింది చదివి ఆ తర్వాత డబ్బు కట్టండి.

మే నెలలో నేను, మా ఆవిడ, నాన్న వెళ్లాం. పారిస్, జ్యూరిక్, మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్, చివరికి వియన్నా. నాన్న విజయవాడలో రైల్వే గార్డుగా రిటైరయ్యారు. అక్కడి రైళ్లు ఎక్కాలన్నది ఆయన కోరిక. "యూరైల్ పాస్ తీసుకోండి సార్, ఏ రైలు కనపడితే అది ఎక్కేయొచ్చు" అన్నాడు మా ఊరి ట్రావెల్ ఏజెంటు. నెలలో ఐదు రోజులు వాడుకునే పాస్, మనిషికి 34,000. ముగ్గురికీ లక్షా రెండు వేలు కట్టాం.

పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌కి గంట ముందే చేరాం. జ్యూరిక్ వెళ్లే టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) గేటు దగ్గర పాస్ చూపిస్తే సీటు రిజర్వేషన్ ఏదని అడిగారు. పాస్ ఉన్నా సీటుకి వేరే డబ్బు కట్టాలట. అదీ పాస్ వాళ్లకి కొన్ని సీట్లే ఉంటాయి, అవి ఎప్పుడో అయిపోయాయి. కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది, తర్వాతి రైల్లోనూ లేవు. జ్యూరిక్‌లో హోటల్‌కి డబ్బు కట్టేసి ఉన్నాం. చేసేది లేక మనిషికి 129 యూరోలు పెట్టి మామూలు టికెట్లు కొన్నాం. మొత్తం 387. మన డబ్బుల్లో దాదాపు 39 వేలు!

నాన్న సూట్‌కేసు మీద కూర్చుండిపోయారు. మా ఆవిడ చేగోడీల పొట్లం ఇస్తే చేత్తో పక్కకి జరిపారు. "ఇన్నేళ్లు రైల్వేలో చేసి, టికెట్ లేనివాడిలా గేటు బయట నిలబడ్డానురా" అన్నారు. డబ్బు పోయినదానికంటే ఆ మాటకే నాకు ఎక్కువ బాధేసింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే "అక్కడి రూల్ అది సార్" అన్నాడు. ఆ రూల్ చెప్పడానికే కదా అతనికి కమీషన్ ఇచ్చింది!

స్విట్జర్లాండ్ హాయిగా గడిచింది. మిలాన్ దారిలో 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం వచ్చినప్పుడు నాన్న వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. కాస్త మాట కలిపారు.

ఇటలీలో లెక్క వేస్తే కడుపు మండింది. అక్కడి ఫాస్ట్ రైళ్లకు పాస్ ఉన్నా ప్రతిసారీ 13 యూరోల రిజర్వేషన్. మూడు ప్రయాణాలు, ముగ్గురం, 117 యూరోలు. పాస్‌లో మనిషికి రోజుకి 6,800 రూపాయలు పడింది, దానిమీద ఈ 1,300. అదే దారిలో రెండు కంపెనీలు పోటీగా నడుపుతాయి కాబట్టి ముందుగా కొంటే టికెట్ చవగ్గా దొరుకుతుంది. మా పక్క సీటాయన రెండు నెలల ముందు 24.90 యూరోలకి కొన్నాడు, మన లెక్కలో రెండున్నర వేలు.

వెనిస్ నుంచి వియన్నాకి మాత్రం పాస్ రోజులు చాలవని ఫిబ్రవరిలోనే నేను ఆస్ట్రియా రైల్వే సైట్లో స్పార్‌షీన టికెట్లు, అంటే ముందుగా కొంటే దొరికే చవక టికెట్లు కొన్నాను. మనిషికి 39.90 యూరోలు. మొత్తం ట్రిప్పులో టెన్షన్ లేని ప్రయాణం ఇదొక్కటే. వియన్నా ఇంకా కొంత దూరం ఉండగా సెమ్మరింగ్ కొండలు వచ్చాయి. 1854లో, డైనమైట్ పుట్టకముందే కట్టిన లైను అది. నాన్న కిటికీకి అతుక్కుపోయి రాతి వంతెనలు లెక్కపెట్టారు. మా ఆవిణ్ణి పిలిచి మరీ ఒంపు దగ్గర మన రైలు ముందు భాగాన్ని చూపించారు. పొట్లంలో మిగిలిన చేగోడీలన్నీ ఆయనే తిన్నారు.

నా సలహా ఒకటే. ఊర్లు, తేదీలు ఖాయమైతే పాస్ జోలికి పోకండి, ఏ దేశం టికెట్ ఆ దేశం రైల్వే సైట్లో రెండు మూడు నెలల ముందే కొనండి. ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, కాబట్టి హోటల్ నుంచి తొందరగా బయల్దేరండి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. అక్కడే రోజూ తిరిగేవాళ్లకి పాస్ పనికొస్తుంది. 12 ఏళ్లలోపు పిల్లలుంటే ఇంకా మేలు, పెద్దవాళ్లతో కలిసి వాళ్లకి పాస్ ఉచితం.

60 దాటినవాళ్లకి పాస్ మీద పది శాతం తగ్గింపు ఉంటుందని కూడా వచ్చాకే తెలిసింది. నాన్నకి రావలసిన ఆ 3,400 ఏజెంటు ఇంకా ఇవ్వలేదు. శనివారం మళ్లీ వెళ్తున్నాను.