జడ వేయడానికి వీలైన బొమ్మ: చాలా ఏళ్ళు వాడాక

బొమ్మ మీద సమీక్ష అంటున్నాను గానీ, నిజానికి ఇది దాని జుట్టు మీద సమీక్ష. సన్న నడుం, పొడుగు కాళ్ళు, ఎప్పుడూ చెదరని నవ్వు, ఇవన్నీ మీకు తెలిసినవే. మా ఇంట్లో దాని పేరు బార్బీ. ఆ మాటకొస్తే తొంభైల్లో ఒడిశాలోని బరంపురంలో మా వీధిలో నడుం దాకా జుట్టున్న ప్రతి బొమ్మా బార్బీయే, పెట్టె మీద ఏం రాసుందో చదివినవాళ్ళు లేరు. ఠాకురాణి అమ్మవారి యాత్రలో కొన్నది. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరకి పులివేషాలు చూడ్డానికని బయల్దేరి, దుకాణాల దగ్గరే ఆగిపోయే పిల్లల్లో నేనొకదాన్ని.

అప్పటిదాకా నా దగ్గరున్న బొమ్మలకి జుట్టంటే తల మీద నల్లరంగు. లేదంటే జిగురుతో అంటించిన పీచు, రెండోసారి దువ్వితే ఊడి చేతికొచ్చేది. దీని జుట్టు అలా కాదు. మెత్తటి తలలో వరసలుగా చిల్లులు, ఒక్కో చిల్లులోంచి ఒక్కో కుచ్చు, మిషను మీద కుట్టి లోపల బిగించింది. పాయ తీసి లాగినా రాదు. అంటే నిజంగా జడ వేయొచ్చు! మూడు పాయల జడ, నాలుగు పాయలది, స్కూలుకి వేసుకునే రిబ్బను మడతజడలు, పెళ్ళికూతురికి పూలజడ, అన్నీ దీని మీదే నేర్చుకున్నాను. మా చెల్లికి మొదటిసారి జడ వేసినప్పుడు అమ్మ ఆశ్చర్యపోయింది గానీ, నాకప్పటికే చేయి తిరిగిపోయింది.

అంత పొగిడాక ఒక్కమాట చెప్పాలి. మడతజడలు అన్నాను కదా, దూరం నుంచి చూస్తేనే బాగుంటాయి. మధ్యపాపిడి తీసి రెండు వైపులా లాగితే నడినెత్తి మీద గులాబీరంగు గుండు బయటపడుతుంది. ఇలాంటి బొమ్మలకి చాలావాటికి జుట్టు వదిలేసినప్పుడు నిండుగా కనిపించేలా చుట్టూ దట్టంగా, మధ్యలో పలచగా కుడతారు. చవకవాటిలో అంచున ఒక్క వరస, అంతే. నా బొమ్మ రెంటికీ మధ్యరకం. అందుకే దాని పాపిడి మీద ఎప్పుడూ ఒక పాపిడిబిళ్ళ ఉండేది, అగరబత్తి పెట్టె మీది బంగారు కాగితంతో చేసింది.

జుట్టు తర్వాత నాకిష్టమైంది చీర కట్టడం. మా వెనకవీధిలో మగ్గాలుండేవి. యాత్రలో అమ్మవారిని పుట్టింటికి తెచ్చేది నేతవాళ్ళ పెద్ద దేశీబెహెరా ఇంటికే కాబట్టి, ఆ వైపు పట్టు ముక్కకి కరువేముంటుంది? ఈ బొమ్మలు సుమారు పదకొండున్నర అంగుళాలు, మనిషిలో ఆరో వంతు లెక్క. ఆ లెక్కన అయిదున్నర మీటర్ల చీర దీనికి 92 సెంటీమీటర్లు, పన్నా ఏడున్నర అంగుళాలు చాలు. కొలత సరిపోతుంది, చిక్కల్లా బట్ట మందంతో. బరంపురం పట్టు గట్టిది, దాని మందాన్ని ఆరో వంతు చేసేవాడు లేడు. కుచ్చిళ్ళు కిందికి పడవు, గొడుగులా విచ్చుకుంటాయి. ఫొడ కుంభ అనే నేత అంచులో గుడి గోపురాల్లా ఉండే మొనలు మనకి పాదాల దగ్గరుంటాయి, దీనికి మోకాళ్ళు దాటి పైకొచ్చేవి. అయినా సరే, పెళ్ళికి అదే కట్టేవాళ్ళం.

పెళ్ళంటే మామూలు పెళ్ళి కాదు. పక్కింటి ఒడియా అమ్మాయిది మగపెళ్ళివారి పక్షం, మాది ఆడపెళ్ళివారు. మేం బాసికం కడతామంటే వాళ్ళు ముకుటం, అంటే ఒడియా పెళ్ళి కిరీటం, పెట్టాల్సిందే అని పట్టు. చివరికి రెండూ పెట్టాం. పెళ్ళికొడుకు దొరకడం ఇంకో టెన్షన్. బార్బీకి జోడీగా కెన్ 1961లోనే వచ్చాడట గానీ మా వీధి దాకా రాలేదు. సంక్రాంతి బొమ్మల కొలువులోంచి ఏటికొప్పాక లక్క బొమ్మని తెచ్చి నిలబెడితే పెళ్ళికూతురి మోకాళ్ళ దాకా వచ్చాడు. తలంబ్రాలు పోయాలంటే ఆయన్ని లక్కపిడతల మీదికి ఎక్కించాల్సి వచ్చేది.

ఇక అసలు ఘట్టం. వేసవి సెలవుల్లో పర్లాకిమిడి నుంచి మా అమ్మమ్మ వచ్చింది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని తల నిమిరి, "ఏటే గుంటా, దీని నెత్తికి నూనె సుక్క నేదు, ఎలా తిప్పుతున్నావే?" అంది. నేను వద్దనేలోపే కొబ్బరినూనె వెచ్చచేసి, కుదుళ్ళకి పట్టేలా అంటేసింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. రేగిన వెంట్రుకలు అణిగిపోయి, జడ నున్నగా, మెరుస్తూ వచ్చింది. చెవులకి కమ్మలుండాలని గుండుసూదికి ఇత్తడి పూస గుచ్చి పెట్టింది కూడా.

మనిషి నెత్తిన పెట్టిన నూనె తలస్నానంతో పోతుంది. దీనికి పోదు. తల లోపల డొల్ల కాబట్టి నూనె చిల్లుల్లోంచి లోపలికి దిగి, అక్కడే నిలవుండి, ఎండ ముదిరినప్పుడల్లా నుదుటి మీదికి ఊరేది. దాని మీద దుమ్ము, దుమ్ము మీద దూది. అమ్మ శీకాయతో రుద్దితే ఆ పొడి పాయల మధ్య ఇరుక్కుపోయింది. జడ అట్టకట్టింది. నా పరీక్షలూ వచ్చాయి, బొమ్మ ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. మా వెనక గది రేకులు లేచిపోయి ట్రంకు పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. ఆ గొడవల్లో పెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది? తీరిగ్గా తెరిచేసరికి బొమ్మ ఎర్ర జాకెట్టు రంగు వదిలి, చేతులకీ ఛాతీకీ పట్టేసింది. చెవి దగ్గర ఇత్తడి పూస చుట్టూ ఆకుపచ్చ మరక. మెత్తటి వినైల్ రంగుని పీల్చుకుంటుంది, తుడిస్తే పోదు. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న మొటిమల క్రీము రాసి రోజూ ఎండలో పెడితే చేతుల మీద చాలావరకు తగ్గింది. ఛాతీ గట్టి ప్లాస్టిక్, అక్కడ మరక అలాగే ఉండిపోయింది. జాకెట్టు వేస్తే కనిపించదు.

జుట్టు మీద నాకు ఆశ లేదు. కత్తిరించి పారేద్దామనుకుంటుంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. సరే అని గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చని నీళ్ళలో కలిపి, తల ముంచి రాత్రంతా వదిలేశాం. పొద్దున తల నొక్కితే నెత్తి మీది ప్రతి చిల్లులోంచీ పసుపుపచ్చటి బొట్టు పైకొచ్చింది. అమ్మమ్మ పెట్టిన నూనె! నీళ్ళు మారుస్తూ, నొక్కుతూ, బొట్లు తేటగా వచ్చేదాకా అదే పని. తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీశాం. చివర్లో వేణ్ణీళ్ళు, అంటే స్నానానికి కాచేవి కాదు, టీకి మరిగేవి. తిన్నగా దువ్విన జుట్టు మీద పోసి, వెంటనే చన్నీళ్ళు. ఈ పోగులు వేడికి మెత్తబడి, చల్లారగానే ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో బిగుసుకుంటాయి. చేతిలో జారిపోయే జుట్టు, నడుం దాకా. ఊడినవి దువ్వెనకి నాలుగు పోగులు.

అయితే అన్ని బొమ్మలకీ ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వను. నైలాన్, సారన్ జుట్టయితే వేడికి బాగా లొంగుతుంది. చవక బొమ్మల పాలీప్రొపిలీన్ పొడిపొడిగానే ఉంటుంది, ఎంత మరిగినవి పోసినా కాసేపటికి మళ్ళీ రేగుతుంది. మా అమ్మాయి ఇంకో బొమ్మ మీద ప్రయత్నించి ఏడ్చింది. మరిగే నీళ్ళ పని పెద్దవాళ్ళదే. కడిగాక తల కిందికి చేసి ఆరబెట్టకపోతే లోపల తడి నిలిచి బూజు వాసన వేస్తుంది, మన వైపు ఉక్కపోతకి మరీ త్వరగా.

చిరాకుపెట్టేది ఒకటుంది, పాదాలు. ఎత్తుమడమల చెప్పులకోసం మునివేళ్ళ మీద ఉండేలా చేసిన పాదాలు కాబట్టి దేనికైనా ఆనించకుండా నిలబడదు. మా పెళ్ళిళ్ళన్నీ పీట మీద కూర్చునే జరిగాయి, దాని మోకాళ్ళు టక్కుమని మడతపడేవి కాబట్టి సరిపోయింది గానీ. 2015లో బార్బీల్లో మడమ కదిలేవి వచ్చాయి, ఒళ్ళంతా కీళ్ళున్నవీ వచ్చాయి. మా అమ్మాయి దగ్గర కీళ్ళున్న బొమ్మ ఒకటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, చేయి నడుం మీద పెట్టుకుంటుంది. చూస్తే ముచ్చటే, నాకు కొంచెం కుళ్ళు కూడా. కానీ దాని జుట్టు భుజాల దాకానే.

కొనమంటారా అని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం కష్టం. నేను జడల పిచ్చిదాన్ని, మగ్గాల వెనకవీధిలో పెరిగాను, పట్టు ముక్కలు ఊరికే దొరికేవి. మీ పిల్లలకి బొమ్మని నడిపించి, ఎగిరించి ఆడే ఇష్టముంటే కీళ్ళున్నదే తీసుకోండి. జుట్టు కోసమే అయితే పెట్టె తీయించి, నడినెత్తి దగ్గర పాయ పక్కకి జరిపి కుదుళ్ళ వరసలు చూడండి. తీసి చూపించనంటే పక్క కొట్టుకి వెళ్ళండి.