లింకు పంచడం, ఫైలు పంచడం

చెన్నైలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదివే పిల్లల కోసం ఒక ఉపాధ్యాయురాలు అక్షరాల పాఠాలను వీడియోలుగా తీశారనుకుందాం. యూట్యూబ్‌లో సాధారణ లైసెన్సుతో పెడితే ఎందరైనా చూడవచ్చు, లింకు పంపవచ్చు. కానీ వీడియో అక్కడే ఉంటుంది, ఛానెల్ మూతపడితే లింకులన్నీ వృథా అవుతాయి. 2006లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెస్సిగ్ నిజమైన పంపకానికీ పైపై పంపకానికీ గీసిన గీత ఇక్కడిదే: చూడనివ్వడం వేరు, తీసుకోనివ్వడం వేరు.

అదే పాఠాన్ని, మూలకర్త పేరు చెప్పి ఎవరైనా వాడుకోవడానికీ మార్చుకోవడానికీ అనుమతించే క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ లైసెన్సుతో, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉంచితే ఫైలే చేతికి వస్తుంది. పెరంబూరులోని మరో ఉపాధ్యాయుడు దానికి తమిళ వివరణ చేర్చి, మూలకర్త పేరు చెప్పి, తన తరగతిలో వాడుకోవచ్చు. నా దృష్టిలో పంచుకోవడమంటే ఇదే. యూట్యూబ్ కూడా 2011 నుంచి ఈ లైసెన్సును ఎంచుకోనిస్తోంది, అయితే ప్రేక్షకుడికి ఫైలును మాత్రం అందించదు. ప్రేక్షకుల సంఖ్యలో దానికి సాటి లేదు కనుక రెండుచోట్లా పెట్టడం మేలు. ఒక జాగ్రత్త అవసరం: ఈ లైసెన్సు వ్యాపార వినియోగాన్నీ అనుమతిస్తుంది, ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేము. అందుచేత పిల్లల ముఖాలు కనిపించే వీడియోలకు దీనిని వాడకూడదు.