బల్ల మీద పట్టని ఘాట్ సెక్షను: ట్రైన్జ్‌లో రైలుదారి కట్టిన అనుభవం

మోడల్ రైల్వే, అంటే బల్ల మీద నడిచే చిన్న నమూనా రైలుదారి, కట్టాలన్న కోరిక ఉన్నవారికి మన ఇళ్లలో డబ్బు కంటే ముందు చోటు అడ్డం వస్తుంది. హెచ్‌ఓ స్కేలు అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన 10 కిలోమీటర్ల దారిని ఉన్నదున్నట్టు కట్టాలంటే 115 మీటర్ల పొడవైన బల్ల కావాలి. అందుకే చాలామంది ఒక స్టేషను, ఒక యార్డు, గుండ్రంగా తిరిగే ఒక లైనుతో తృప్తి పడతారు. నేను కట్టదలచుకున్నది కొత్తవలస–కిరండూల్ మార్గంలో త్యాడ నుంచి చిమిడిపల్లి మీదుగా బొర్రా గుహలు దాకా సాగే ఘాట్ సెక్షను, అంటే రైలు కొండ ఎక్కే భాగం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తరలించడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన ఆ లైనులో యాభైకి పైగా సొరంగాలున్నాయి. అది శిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్నప్పటి నుంచి రైలు కిటికీ పక్కన కూర్చుని చూసిన దారి అది. ఏ బల్ల మీదా పట్టదు గనుక, కంప్యూటరులో రైలుదారులు కట్టి నడిపే ట్రైన్జ్ సాఫ్ట్‌వేరులో 2022 కూర్పును తీసుకుని ఏడాదిగా దానిలో కడుతున్నాను.

ట్రైన్జ్‌ను ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరానికి చెందిన ఆరన్ సంస్థ 2001లో విడుదల చేసింది. ఇప్పుడు ఎన్‌త్రీవీ గేమ్స్ దాన్ని కొనసాగిస్తోంది. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కూడా అదే సంవత్సరం వచ్చింది గాని, దాని దృష్టి డ్రైవరు సీటు మీద. ట్రైన్జ్ దృష్టి మొదటి నుంచీ దారి కట్టేవాడి మీద. ఆ సంగతి దాని పదజాలంలోనే తెలుస్తుంది. ఇందులో నేలను బేస్‌బోర్డు అంటారు, అంటే మోడల్ రైల్వేవారు వాడే చెక్కబల్ల పేరే. ఒక్కో బేస్‌బోర్డు 720 మీటర్ల చదరం. హెచ్‌ఓ స్కేలులో చూస్తే ఒక్కో వైపు ఎనిమిది మీటర్ల పైచిలుకు బల్ల. దాని పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి, కంప్యూటరు మోయగలిగినంత వరకు అతికించుకుంటూ పోవచ్చు.

దారి కట్టే భాగాన్ని సర్వేయర్ అంటారు, నడిపే భాగాన్ని డ్రైవర్ అంటారు. నా సమయమంతా సర్వేయర్‌లోనే గడిచింది, ఈ సాఫ్ట్‌వేరు విలువ కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం. కొండలను చేత్తో లేపుకోవచ్చు; నేను మాత్రం ట్రాన్స్‌డెమ్ అనే వేరే ప్రోగ్రాముతో అసలు కొండల ఎత్తులనే దించుకున్నాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఆ ఎత్తుల సమాచారంలో కొలత బిందువుల మధ్య దూరం సుమారు 30 మీటర్లు. తూర్పు కనుమల వంటి అడవి ప్రాంతంలో రాడార్ చాలాచోట్ల నేలను కాక చెట్ల తలలను కొలుస్తుంది కాబట్టి లోయ అంచులు కొంచెం ఉబ్బెత్తుగా వస్తాయి, వాటిని కూర్చుని దిద్దుకోవాలి. అయినా కొండ ఆకారం తెలిసినవారికి గుర్తుపట్టేంత నిజంగా ఉంటుంది.

పట్టా వేయడం తేలిక. ఒక చుక్క పెట్టి, మరో చుక్క దగ్గర నొక్కితే రెంటి మధ్య పట్టా పరుచుకుంటుంది. మధ్యలో ఇంకొక చుక్క చేర్చి లాగితే వంపు తిరుగుతుంది. ఒక పట్టా మధ్యలోని చుక్కకు మరో పట్టాను కలిపితే పాయింటు, అంటే బండి దారి మారే చోటు, ఏర్పడుతుంది. కష్టమంతా వాలు దగ్గర ఉంది. నేను మొదట కింది స్టేషను నుంచి పై స్టేషనుకు నాకు తోచిన దగ్గరి దారిన పట్టా వేసి వాలు చూస్తే నాలుగు శాతం దాటింది. నేను పెట్టుకున్న హద్దు 60కి 1, అంటే 60 మీటర్ల పట్టాకు ఒక మీటరు ఎత్తు. ఆ హద్దులో 200 మీటర్లు ఎక్కాలంటే 12 కిలోమీటర్ల పట్టా కావాలి. అంత పట్టాను ఎక్కడ దాచాలి? కొండ ప్రతి మడతలోకీ దూరి, లోయ చివరిదాకా వెళ్లి, వంతెన దాటి, ఎదుటి వాలు మీద తిరిగి బయటికి రావలసిందే. రైల్లో కూర్చున్నప్పుడు వచ్చిన దారే మళ్లీ కింద ఎందుకు కనిపిస్తుందో, అంత దగ్గర దగ్గరగా సొరంగాలు ఎందుకు తొలిచారో, ఆ ఒక్క సాయంత్రం నా పట్టాను ఊడదీసి మళ్లీ వేస్తున్నప్పుడు చేతికి అర్థమైంది.

వాలు అంకె వేసి పట్టా ముక్క మీద నొక్కగానే తర్వాతి చుక్క తన ఎత్తుకు తాను సర్దుకుంటుంది, ఎత్తు ఖాయమైన చుక్కలు పసుపు రంగులో కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక్క నొక్కుతో నేలే పట్టా దగ్గరికి వస్తుంది: పల్లం ఉన్నచోట కట్ట లేస్తుంది, మిట్ట ఉన్నచోట గండి పడుతుంది. అయితే నేలను పది మీటర్ల గడులుగా తీసుకుంటే నిటారు గోడలున్న ఇరుకు గండి రాదు. గోడ వాలిపోయి పట్టా మీదికి వస్తుంది. ఐదు మీటర్ల గడులకు మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇప్పటి కూర్పులలో ఇంకా సన్నని నేల కూడా దొరుకుతుంది గాని దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. నా పాత ల్యాప్‌టాప్‌లో అడవి నాటగానే బండి కుదుపులతో నడిచింది. చెట్లను పట్టాకు దూరంగా ఉన్నచోట పలచబరచవలసి వచ్చింది.

వస్తువుల సంగతి జాగ్రత్తగా చెప్పాలి. ట్రైన్జ్‌లోని ప్రతి ఇంజనుకు, చెట్టుకు, సిగ్నలుకు క్యూయిడ్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒక వస్తువు మరికొన్నిటి మీద ఆధారపడితే వాటి సంఖ్యలు అందులో రాసి ఉంటాయి. ట్రైన్జ్ సొంత వస్తువుల నిల్వ అయిన డౌన్‌లోడ్ స్టేషన్ నుంచి తెచ్చుకుంటే ఆధారాలు కూడా చాలావరకు వెంట వస్తాయి. అలా కాక, ఒక బయటి సైటు నుంచి నేను తెచ్చుకున్న స్టేషను మూటలో ప్లాట్‌ఫాం వచ్చింది, దాని పైకప్పు రాలేదు. లేని వస్తువుల జాబితా నలభై దాకా తేలింది, వాటి కోసం రెండు వారాలు తిరిగాను. మన రైల్వేల ఇంజన్లు, బోగీలు అభిరుచి ఉన్నవారు చేసినవి దొరుకుతాయి గాని, వాటికి తగిన పట్టాను వెతికి తెచ్చుకోవాలి. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) 1,676 మిల్లీమీటర్లు, సాఫ్ట్‌వేరుతో వచ్చే పట్టాలలో ఎక్కువ భాగం 1,435 మిల్లీమీటర్ల గేజ్‌వి. తప్పు పట్టా మీద ఇంజను నిలబెడితే చక్రాలు పట్టా బయట గాలిలో తిరుగుతాయి. బండి నడుస్తుంది, కాని మనసు ఒప్పుకోదు.

నడపడానికి రెండు పద్ధతులున్నాయి. డీసీసీ పద్ధతిలో మోడల్ రైల్వే కంట్రోలరులాగా ఒక గుండ్రని మీట తిప్పితే చాలు. క్యాబ్ పద్ధతిలో బరువు, వాలు, బ్రేకు గాలి అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ మార్గంలో ఖనిజం నిండిన గూడ్సు ఘాట్ దిగుతుంది, ఖాళీ గూడ్సు ఎక్కుతుంది. కాబట్టి ఇక్కడ డ్రైవరు పనితనం బండిని పట్టి ఆపడంలో తెలుస్తుంది. మొదటిసారి బొర్రా దాటాక బ్రేకు ఆలస్యంగా వేశాను. వేగం పెరుగుతూనే ఉంది, బ్రేకులు పట్టుకునేలోపు మూడో మలుపులో బోగీలు పట్టా తప్పాయి. ఇప్పుడు వాలు మొదలవకముందే డైనమిక్ బ్రేకు (ఇంజను మోటార్లతోనే వేగాన్ని పట్టే బ్రేకు) వేసి, గాలి బ్రేకును కొద్దికొద్దిగా మాత్రమే వాడుతున్నాను.

ఇంజను నడపడమే ఇష్టమైనవారికి ఓపెన్ రెయిల్స్ ఉచితంగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు కోసం చేసిన దారులు అందులో నడుస్తాయి. వారు దానితో మొదలుపెట్టడం మేలు. తమ ఊరి లైనును తమ చేతులతో వేసుకోవాలనుకునేవారికి నేను ట్రైన్జ్‌నే సిఫారసు చేస్తాను. మెనూలు అలవాటు కావడానికి నెల రోజులు పడుతుంది కాబట్టి తొలి ప్రయత్నం ఒక్క బేస్‌బోర్డు, ఒక లూప్ లైనుతో చేయండి. పాత కూర్పు చవకగా దొరికితే సంకోచించనక్కరలేదు. అందులో కట్టిన దారి కొత్త కూర్పులో తెరుచుకుంటుంది, కొత్తదానిలో దాచుకున్న దారి మాత్రం పాతదానిలో తెరుచుకోదు.