డిస్నీ పనితనం కనిపించే చోటు: శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫ్యామిలీ మ్యూజియం

శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో అనే పాత సైనిక స్థావరంలో, ఒకప్పుడు సైనికులు బస చేసిన ఇటుక భవనంలో ఉన్న వాల్ట్ డిస్నీ ఫ్యామిలీ మ్యూజియానికి మిక్కీ వేషధారులతో ఫొటోలు దిగాలని వెళ్లేవారికి నిరాశ తప్పదు. డిస్నీ కుమార్తె డయాన్ డిస్నీ మిల్లర్ పూనికతో 2009లో ప్రారంభమైన ఈ మ్యూజియం, 1901లో షికాగోలో పుట్టి 1966లో కన్నుమూసిన ఒక మనిషి జీవితాన్ని, పనిని వరుసక్రమంలో చూపుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపింది మల్టీప్లేన్ కెమెరా. ముందున్న చెట్లను, వెనకనున్న ఇంటిని, ఆ పైన ఆకాశాన్ని వేర్వేరు గాజు పలకలపై చిత్రించి, వాటిని ఎడం ఎడంగా ఒకదాని కింద ఒకటి అమర్చి, ఒక్కో పలకను ఒక్కో మోతాదులో జరుపుతూ పైనుంచి ఫ్రేము తర్వాత ఫ్రేముగా తీయడం వల్లనే చదునైన బొమ్మకు లోతు వచ్చేదని ఆ యంత్రం ముందు నిలబడితే ఇట్టే బోధపడుతుంది. జనం మాత్రం ఏడుగురు మరుగుజ్జుల కార్టూన్ సినిమా ‘స్నో వైట్’కు 1939లో లభించిన ప్రత్యేక ఆస్కార్ దగ్గరే గుమిగూడతారు, ఒక పెద్ద ప్రతిమ, దాని పక్కన మెట్ల వరుసలో ఏడు బుల్లి ప్రతిమలు ఉంటే ఎవరికి ముచ్చట కలగదు!

1923లో కాన్సస్ సిటీ స్టూడియో దివాలా తీయడం, 1928లో ఓస్వాల్డ్ కుందేలు పాత్ర చేజారాక మిక్కీ పుట్టడం, 1941లో సొంత ఉద్యోగులే సమ్మెకు దిగడం ఇవన్నీ ఇక్కడి కథలో ఉన్నాయి. అయితే కథనంలో చాలా భాగం డిస్నీ సొంత గొంతు రికార్డింగులతోనే సాగుతుంది గనుక, సమ్మె చేసినవారి వాదన వినదలచినవారు వేరే పుస్తకాలు కూడా చదవాలి.

చివర్లో ఉన్న డిస్నీలాండ్ నమూనా దగ్గర తొందరపడకండి. 1955 జూలై 17న అనహైమ్‌లో తెరుచుకున్న ఆ పార్కుకు ఏబీసీ టెలివిజన్ సంస్థ పెట్టుబడి పెట్టగా, ప్రతిగా డిస్నీ వారం వారం టీవీ కార్యక్రమం చేసి ఇచ్చాడు. అంటే పార్కు తెరుచుకోకముందే దాని ప్రచారం ఇంటింటికీ చేరింది. ఆయన తన పెరట్లో నడిపిన ‘లిల్లీ బెల్’ అనే బుల్లి ఆవిరి ఇంజను కూడా ఇక్కడే ఉంది. పార్కు చుట్టూ రైలు ఎందుకు తిరుగుతుందో దాన్ని చూశాక వేరే చెప్పనక్కర్లేదు.

చదవాల్సిన పలకలు, వినాల్సిన రికార్డింగులు ఎక్కువ కాబట్టి పసిపిల్లలు త్వరగా విసుగెత్తిపోతారు. బొమ్మలు గీసే అలవాటున్న పెద్ద పిల్లలుంటే మాత్రం తప్పక తీసుకెళ్లండి, పూట తీరిక చేసుకుని వెళ్లండి.