లాంబ్డానా, క్లౌడ్ రన్ జాబ్సా: టైముకి నడవాల్సిన పనులకు ఏది మేలు?

ఒక ప్రైవేటు స్కూలు ఫీజుల యాప్ అనుకుందాం. రోజూ ఉదయం 7 గంటలకు బాకీ ఉన్న తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్ తీయాలి. ప్రతి నెలా ఒకటో తారీకు, అదీ రాత్రి 2 గంటలకే, పిల్లలందరి స్టేట్‌మెంట్ల పీడీఎఫ్‌లు తయారవ్వాలి. రోజు మొత్తంలో పట్టుమని అరగంట పని లేదు. దీనికోసం నెలంతా ఒక సర్వర్ నడిపి, దాని అప్‌డేట్లు, నిండిపోయే డిస్కు, రీబూట్ తర్వాత క్రాన్ (పనుల్ని టైముకి లేపే ప్రోగ్రాం) లేచిందో లేదో చూసుకుంటూ కూర్చోవడం దండగ. సర్వర్‌లెస్ వైపు, అంటే సర్వర్‌ని మనం చూసుకోకుండా నడిచిన సేపటికే కట్టే పద్ధతి వైపు, వెళ్ళాల్సిన పనే ఇది. మరి ఏ సర్వర్‌లెస్: అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఫంక్షన్లు నడిపే లాంబ్డానా, గూగుల్ క్లౌడ్‌లో కంటైనర్లు నడిపే క్లౌడ్ రన్ జాబ్సా?

చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు. ఈ సైజు పనికి ధర తేల్చేదేమీ లేదు. ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో నెలకు 10 లక్షల రిక్వెస్టులు, 4 లక్షల జీబీ-సెకన్లు (మెమరీ జీబీలని నడిచిన సెకన్లతో గుణిస్తే వచ్చేది) ఉచితం. దాన్ని టైముకి లేపే ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో 1.4 కోట్ల పిలుపులు ఉచితం. గూగుల్ క్లౌడ్ షెడ్యూలర్‌లో ఒక బిల్లింగ్ ఖాతాకి 3 జాబులు ఉచితం, ఆపైన జాబుకి నెలకు 10 సెంట్లు. బిల్లు పెరిగేది వేరే చోట. మీ ఎస్సెమ్మెస్ గేట్‌వే "మీ ఐపీ చెప్పండి, దాన్నుంచి వస్తేనే తీసుకుంటాం" అందనుకోండి, మారని ఐపీ కోసం నాట్ గేట్‌వే (బయటికి వెళ్ళే పిలుపులన్నీ ఒకే ఐపీ నుంచి పంపే సేవ) పెట్టాలి. ఏడబ్ల్యూఎస్‌లో అదొక్కటే నెలకు 30 డాలర్లు దాటుతుంది. గూగుల్‌లోనూ క్లౌడ్ నాట్‌కి విడిగా కట్టాలి. కాబట్టి ఎస్సెమ్మెస్ గేట్‌వే వాళ్ళని ఈ ప్రశ్న ముందే అడగండి.

అసలు తేడా పని ఎంతసేపు పడుతుందన్న దగ్గర ఉంది. లాంబ్డా ఫంక్షన్ 15 నిమిషాలకు మించి నడవదు. ఒక్కో పీడీఎఫ్‌కి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే 400 మంది పిల్లలకు 10 నిమిషాలు, ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది పిల్లలు 700 అయితే పదిహేడున్నర నిమిషాలు కావాలి. అప్పుడు 600వ పిల్లవాడి దగ్గర ఫంక్షన్ ఆగిపోతుంది. షెడ్యూలర్ లాంబ్డాని పిలిచేది అసింక్రనస్‌గా (జవాబు కోసం ఆగకుండా) కాబట్టి, తప్పిన పనిని లాంబ్డా తనంతట తాను ఇంకో రెండుసార్లు నడుపుతుంది. రెండుసార్లూ మొదటి పిల్లవాడి నుంచే మొదలై, మళ్ళీ 600 దగ్గరే ఆగుతుంది. చివరి వంద మందికి స్టేట్‌మెంట్ రాదు, మొదటి 600 మందివి మూడేసిసార్లు తయారవుతాయి. ఒక్కో పిల్లవాడి పనిని ఒక్కో మెసేజ్‌గా ఏడబ్ల్యూఎస్ వాళ్ళ మెసేజ్ క్యూ ఎస్‌క్యూఎస్‌లో వేస్తే లాంబ్డాలోనూ దీన్ని దాటవచ్చు. మంచి పద్ధతే, కానీ చూసుకోవాల్సిన ముక్కలు పెరుగుతాయి.

క్లౌడ్ రన్ జాబ్స్‌లో ఈ గోడ చాలా దూరంగా ఉంటుంది. ఒక టాస్క్‌ని (జాబ్‌లో ఒక భాగాన్ని) 24 గంటలైనా నడపవచ్చు. మనం ఏమీ మార్చకపోతే మాత్రం గడువు 10 నిమిషాలే, జాబ్ పెట్టేటప్పుడే దాన్ని పెంచాలి. పైగా ఒకే జాబ్‌ని ఏడు టాస్కులుగా విడదీసి పక్కపక్కనే నడపవచ్చు. ప్రతి టాస్క్‌కీ తన నంబరు తెలుస్తుంది కాబట్టి వంద మంది చొప్పున పంచుకుంటాయి, 700 పీడీఎఫ్‌లు రెండున్నర నిమిషాల్లో అయిపోతాయి. బ్యాకప్‌కి కూడా నాకు ఇదే నచ్చుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కాపీ తీసే డంప్ టూల్‌ని మామూలుగా కంటైనర్‌లో (కోడ్‌నీ దానికి కావాల్సినవాటినీ కలిపిన ప్యాకేజీలో) వేసుకుంటే చాలు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అక్కడ మామూలుగా ఫైల్ రాస్తే అది మెమరీలో కూర్చుంటుంది. 3 జీబీ డంప్‌ని ముందు ఫైల్‌గా రాసి, తర్వాత అప్‌లోడ్ చేద్దామంటే మెమరీ చాలక జాబ్ చచ్చిపోతుంది. డంప్‌ని నేరుగా క్లౌడ్ స్టోరేజ్‌లోకి పైప్ చేయండి.

గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనే పనులు నడిపే సదుపాయం) షెడ్యూల్‌ని కూడా కొందరు దీనికి వాడతారు. కొద్దిగా ఆలస్యమైనా ఫరవాలేని వారపు రిపోర్టులకు, లింకులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి అది బాగుంటుంది. గంట కొట్టే సమయంలో రద్దీ ఎక్కువై రన్‌లు వెనకబడతాయి. పబ్లిక్ రిపోలో 60 రోజులు కదలిక లేకపోతే షెడ్యూల్ ఆగిపోతుంది. తల్లిదండ్రులకు వెళ్ళే మెసేజ్‌ని దాని మీద పెట్టవద్దు.

టైమ్ జోన్ విషయంలో మనవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మన టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందు. రోజువారీ పనికి తీసివేత చేస్తే సరిపోతుంది: ఉదయం 7 అంటే యూటీసీలో 1:30. నెలవారీ పనికి అలా కుదరదు. మన ఒకటో తారీకు రాత్రి 2 గంటలంటే యూటీసీలో ముందు నెల ఆఖరి రోజు 20:30. ఆ ఆఖరి రోజు 28 కావచ్చు, 31 కావచ్చు. మామూలు క్రాన్‌లో "నెల ఆఖరి రోజు" అని రాసే వీలు లేదు. "30 20 1 * *" (వరుసగా నిమిషం, గంట, తారీకు, నెల, వారం) అని రాస్తే స్టేట్‌మెంట్లు రెండో తారీకున వస్తాయి. గూగుల్ క్లౌడ్ షెడ్యూలర్‌లో, ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో జోన్ ఏషియా/కోల్‌కతా అని ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు. 2022 నవంబరులో ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్ రాకముందు ఏడబ్ల్యూఎస్‌లో ఈ పనికి ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్స్ వాడేవాళ్ళు, వాటికి తెలిసింది యూటీసీ ఒక్కటే. పాత ట్యుటోరియల్ చూసి పెడితే అక్కడికే చేరతారు. ఏడబ్ల్యూఎస్ క్రాన్‌కి ఆరు గడులు, ఆఖరిది సంవత్సరం. తారీకు, వారం గడుల్లో ఒకదానిలో ప్రశ్నార్థకం ఉండాలి: "0 2 1 * ? *". గూగుల్‌ది మామూలు ఐదు గడుల క్రాన్.

ఇక ఎంపిక. మీ డేటాబేస్ ఎక్కడుంటే పని అక్కడే నడపండి, వీలైతే అదే రీజియన్‌లో. ఏడబ్ల్యూఎస్‌కి ముంబై, హైదరాబాద్ ఉన్నాయి, గూగుల్‌కి ముంబై, ఢిల్లీ. కొత్తగా మొదలుపెడుతున్న చిన్న జట్టుకైతే నేను క్లౌడ్ రన్ జాబ్స్ అనే చెబుతాను. ఎస్సెమ్మెస్‌లాంటి రెండు నిమిషాల పనికి లాంబ్డా చక్కగా సరిపోతుంది, నిజమే. కానీ పనులు పెరుగుతూనే ఉంటాయి, పెరిగినప్పుడు జాబ్స్‌లో గడువు అంకె మారిస్తే సరిపోతుంది. డేటా ఇప్పటికే ఏడబ్ల్యూఎస్‌లో ఉంటే దానికోసం ఇల్లు మారనక్కర్లేదు. పొట్టి పనులు లాంబ్డాకి ఇచ్చి, పొడుగు పనుల్ని అదే షెడ్యూలర్‌తో ఫార్గేట్ (ఏడబ్ల్యూఎస్‌లో కంటైనర్లు నడిపే సర్వర్‌లెస్ సేవ) టాస్క్‌లుగా లేపండి, వాటికి 15 నిమిషాల హద్దు లేదు.

ఏది ఎంచుకున్నా రెండు పనులు మీ కోడ్‌లో ఉండాలి. రెండు షెడ్యూలర్లూ ఇచ్చే హామీ "కనీసం ఒకసారి" అనే. అంటే అరుదుగా రెండుసార్లు కూడా పిలవవచ్చు. ఒకే బాకీకి ఒకే ఉదయం రెండు మెసేజ్‌లు వెళితే తల్లిదండ్రులు స్కూలుకి ఫోన్ చేసి నిలదీస్తారు. అందుకే పిల్లవాడి నంబరు, తారీకు కలిపి యునీక్ కీ (అదే జతని రెండోసారి పడనివ్వని నియమం) ఉన్న టేబుల్‌లో ముందు "పంపుతున్నాం" అని ఒక వరుస వేయండి. వరుస పడితేనే మెసేజ్ పంపండి, వెళ్ళాక దాన్ని "పంపాం" అని మార్చండి. మధ్యలో ఆగిపోయినవి "పంపుతున్నాం" దగ్గరే కనబడతాయి, వాటిని మనిషి చూసి తేల్చవచ్చు.

రెండోది, షెడ్యూలర్ పచ్చ టిక్కుని నమ్మకండి. లాంబ్డా క్యూలో పిలుపు పడగానే ఈవెంట్‌బ్రిడ్జ్ తన పని అయిందనుకుంటుంది. జాబ్ మొదలవగానే క్లౌడ్ షెడ్యూలర్ కూడా అంతే. లోపల కోడ్ పగిలినా వాటికి తెలియదు. షెడ్యూలర్‌కి తగిలించిన డెడ్ లెటర్ క్యూలోకీ (చేరని పిలుపులు పడే చోటుకీ) ఆ తప్పులు రావు. కోడ్ ఆఖరి వరుసలో బయట ఉన్న ఒక మానిటర్‌కి పింగ్ పంపండి. ఉదయం 7:30 లోపు అది రాకపోతే ఫోన్ మోగేలా పెట్టండి. ఆ పింగ్‌తో పాటు ఎన్ని మెసేజ్‌లు వెళ్ళాయో కూడా పంపండి, ఎందుకంటే ఏ తప్పూ లేకుండా నడిచి సున్నా మెసేజ్‌లు పంపిన రోజున కూడా పింగ్ వస్తుంది.